చప్పుడు ఎప్పుడు వస్తోంది? పాత బండ్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు "బండిలో ఏదో చప్పుడు వస్తోంది, ఏ భాగం మార్పించాలి?" అన్న ప్రశ్నతోనే ముగిశాయి. చప్పుడు ఎలా ఉందో చాలామంది శ్రద్ధగా వర్ణించారు గానీ, అది ఎప్పుడు వస్తోందో రాసినవారు తక్కువ. 'టకటక' అన్న ఒక్క మాట ఇంజను వాల్వులను తెరిచే ట్యాపెట్లకూ, యాక్సిల్ జాయింటుకూ, సైలెన్సర్ పైపు లీకుకూ సరిపోతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడా, కాగిన తరువాతనా. బండి నిలిచి ఉండగానా, కదులుతుండగానా. క్లచ్ తొక్కినప్పుడా, వదిలినప్పుడా. స్టీరింగు ఏ వైపు తిప్పినప్పుడు అన్న సంగతులు తెలిస్తే తప్ప వీటిని ఒకదాని నుంచి మరొకదాన్ని విడదీయలేము. అందువల్ల ఆ వివరాలు రాసిన ఉత్తరాలనే ఇక్కడ తీసుకున్నాము. మిగిలినవారు కోపగించుకోకుండా, రెండు రోజులు గమనించి మళ్ళీ రాయవలసిందిగా కోరుతున్నాము.

ప్రశ్న: నా దగ్గర 1996 నాటి మారుతి 800 ఉంది. ఉదయం ఇంటి దగ్గర ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో పని చూసుకొని పది పదిహేను నిమిషాలలో తిరిగి వస్తే మాత్రం, సెల్ఫ్ బాగానే తిరుగుతుంది గానీ ఇంజను అందుకోదు. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. ఎండాకాలంలోనే ఈ బాధ. ఒక మిస్త్రీ కార్బురేటర్ మార్చమన్నాడు, మరొకాయన సెల్ఫ్ మోటారు మార్చమన్నాడు. ఎవరి మాట వినాలి? (ఒక పాఠకుడు, మల్కాజిగిరి)

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా వినవద్దు. సెల్ఫ్ బాగా తిరుగుతోందని మీరే రాశారు కాబట్టి ఆ మోటారుకు ఈ జబ్బుతో సంబంధం లేదు. ఉదయం ఒక్క దెబ్బకు అందుకుంటున్న బండిలో గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ పూర్తిగా చెడిపోయి ఉండదు. మీరు రాసిన "పది పదిహేను నిమిషాలు", "అరగంట" అన్న రెండు మాటలలోనే అసలు సంగతి ఉంది.

బండి నడుస్తున్నంతసేపు రేడియేటర్ నీళ్ళూ, ఎదురుగాలీ ఇంజను వేడిని లాగేస్తూ ఉంటాయి. తాళం చెవి తిప్పి ఆపగానే ఆ రెండూ ఆగిపోతాయి, ఇనుములో ఉన్న వేడి మాత్రం ఎక్కడికీ పోదు. అందుకే ఆపిన తరువాత మొదటి పావుగంటలో బానెట్ కింద వేడి తగ్గడానికి బదులు పెరుగుతుంది. మీ కారులో పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది, ఇంజను తిరిగితేనే అది పనిచేస్తుంది. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మొదలుపెడతాయి కాబట్టి, మే నెల ఎండలో నిలిపిన కారు బానెట్ కింద ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. పంపులోనూ, పైపులోనూ ఆవిరి నిండితే పంపు ఆ ఆవిరినే నొక్కుతూ ఉంటుంది, పెట్రోలు ముందుకు కదలదు. దీనినే వేపర్ లాక్ అంటారు. ఒక్కోసారి ఇందుకు విరుద్ధంగా కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలే మరిగి లోపలికి పొంగి, ఇంజను ముంపుకు గురవుతుంది. మూడో అవకాశం పెట్రోలుకు సంబంధించినది కాదు. ప్లగ్గులలో మెరుపుకు కరెంటు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్, లేదా ఆ కరెంటును ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని ఇగ్నైటర్ వేడెక్కినప్పుడు మాత్రమే మొరాయించడం దానికి కారణం. ఇంకా పాత బండ్లలో డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల పక్కనుండే కండెన్సర్ కూడా వేడికి ఇలాగే మొరాయిస్తుంది. పైకి మూడింటి లక్షణాలూ ఒక్కటే, చల్లబడితే మూడూ సర్దుకుంటాయి. అందుకే బండిని మిస్త్రీ దగ్గరకు తీసుకువెళ్ళేసరికి ఏ లోపమూ దొరకదు.

ఈసారి ఆగిపోయినప్పుడు అక్కడికక్కడే చూడవలసినది ఇది. తాళం ఆపి, చుట్టుపక్కల బీడీ సిగరెట్లు లేకుండా చూసుకొని, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, కార్బురేటర్ గొంతులోకి టార్చి వేసి చూస్తూ, యాక్సిలరేటర్ తీగను చేత్తో ఒకసారి లాగండి. సన్నని ధార చిమ్మకపోతే గిన్నె ఎండిపోయిందన్నమాట. అప్పుడు పంపుపై తడిగుడ్డ వేసి ఐదు నిమిషాలు ఆగండి. పాత అంబాసిడర్ టాక్సీ డ్రైవర్లు సీటు కింద ఒక గుడ్డముక్కను ఉంచుకొనేది ఇందుకే. గుడ్డ వేసిన తరువాత బండి అందుకుంటే జబ్బు వేపర్ లాకే. ధార బాగా చిమ్మి, పెట్రోలు వాసన గుప్పుమంటుంటే ముంపు అయి ఉంటుంది. అప్పుడు యాక్సిలరేటర్‌ను మళ్ళీ మళ్ళీ తొక్కకుండా, ఒకేసారి పూర్తిగా కిందికి నొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. అధికమైన పెట్రోలు గాలితో బయటికి పోతుంది. ధారా ఉండి, వాసనా లేకపోతే ఒక ప్లగ్గును విప్పి, తీగకు తగిలించి, దాని ఒంటిని ఇంజను ఇనుముకు ఆనించి, కార్బురేటర్‌కు దూరంగా ఉంచి, మరొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ప్లగ్గును చేత్తో పట్టుకోవద్దు. నీలిరంగు మెరుపు రాకపోయినా, ఎర్రగా నీరసంగా వచ్చినా కాయిల్ లేదా ఇగ్నైటర్ మార్చవలసి ఉంటుంది.

ఇక ఇప్పటి పెట్రోలు గురించి ఒక మాట. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు బంకులలోకి వచ్చింది. మీ కారు తయారైన నాడు ఇంత ఇథనాల్ ఉన్న ఇంధనాన్ని దృష్టిలో పెట్టుకోలేదు. ఇథనాల్ పాత రబ్బరు పైపులనూ, పంపులోని డయాఫ్రం అనే రబ్బరు పొరనూ ఉబ్బించి, పెళుసుబారేలా చేస్తుంది. అంతేకాక ఇథనాల్ మండడానికి గాలి తక్కువ సరిపోతుంది. కార్బురేటర్ మాత్రం గాలీ ఇంధనాలను పాత పాళ్ళలోనే కలుపుతూ ఉంటుంది, దానితో మిశ్రమం కొంత పలచబడుతుంది. పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకొనే కొత్త రబ్బరుతో మార్పించడం, పంపు కిట్ వేయించడం, పంపుకూ ఇంజనుకూ మధ్య వేడిని ఆపే మందపాటి దిమ్మె చెక్కుచెదరకుండా ఉందో లేదో చూపించడం కార్బురేటర్ కొనడం కంటే ఎంతో చవకైన పనులు. రాణిగంజ్‌లో ఈ సామాను ఇప్పటికీ దొరుకుతుంది. కొనేముందు పాత ముక్కను వెంట తీసుకువెళ్ళండి.

ప్రశ్న: 2008 వేగన్ ఆర్. ఊళ్ళో ఏ చప్పుడూ లేదు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి అరవై దాటగానే విమానం పోతున్నట్టు హోరు మొదలవుతుంది. టైర్లా, బేరింగులా అన్నది తేలడం లేదు. (ఒక పాఠకురాలు, వనస్థలిపురం)

జవాబు: ముందుగా ఇంజనును ఈ లెక్క నుంచి తొలగించండి. వెనుక బండ్లు లేని చోట, హోరు వస్తున్న వేగంలో గేరును న్యూట్రల్‌లోకి తీయండి. తాళం మాత్రం ఆపవద్దు, ఆపితే బ్రేకు బూస్టరూ, స్టీరింగూ బిగుసుకుపోతాయి. ఇంజను వేగం పడిపోయినా హోరు తగ్గకుండా బండి వేగాన్నే అంటిపెట్టుకొని ఉంటే అది చక్రాల దగ్గరిదే.

తరువాత రోడ్డును గమనించండి. నల్లని తారు నుంచి సిమెంటు రోడ్డు మీదికి వచ్చినప్పుడు హోరు స్వరం మారితే టైర్లను అనుమానించాలి. ఏ రోడ్డయినా ఒకేలా ఉంటే బేరింగును అనుమానించాలి. మూడో పరీక్ష మరింత నమ్మదగినది. ఔటర్ మీద వంపు తిరిగేటప్పుడు, లేదా ఖాళీ రోడ్డు మీద స్టీరింగును మెల్లగా ఎడమకు తిప్పినప్పుడు, బండి బరువు కుడి చక్రాలపైకి ఒరుగుతుంది. అప్పుడు హోరు హెచ్చి, కుడికి తిప్పినప్పుడు తగ్గితే కుడి వైపు బేరింగు అరిగిందని అర్థం. ఎడమ బేరింగు విషయంలో ఇది తలకిందులు.

ఏ చక్రమో తెలిసిన తరువాత జాకీ పెట్టి, కింద దిమ్మె ఆధారంగా ఉంచి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ మరో చేతిని షాకప్ స్ప్రింగుపై ఆనించి చూడండి. చెవికి అందని గరగర ఆ స్ప్రింగులో వేళ్ళకు తెలుస్తుంది. ఇది నాకు సనత్‌నగర్‌లో ఒక వృద్ధ మిస్త్రీ నేర్పిన కిటుకు, ఇప్పటివరకు నన్ను మోసం చేయలేదు. టైరే కారణమైతే అంచు మీద అరచేతిని అటూ ఇటూ రాయండి. ఒక దిశలో నునుపుగా, మరొక దిశలో రంపపు పళ్ళలా తగిలితే, ఆ టైరు మార్చేముందు షాకప్‌లనూ అలైన్‌మెంటునూ చూపించాలి. వాటిని అలాగే వదిలి కొత్త టైరు వేస్తే కొద్ది నెలలలోనే అదీ ఇలాగే తయారవుతుంది.

ప్రశ్న: పాత శాంత్రో. యూటర్న్ తీసుకున్న ప్రతిసారీ ముందు నుంచి 'టక్ టక్ టక్' మని వస్తుంది, నేరుగా పోయేటప్పుడు లేదు. (ఒక పాఠకుడు, తార్నాక)

జవాబు: మీరు ఉత్తరంలోనే జవాబు రాసేశారు. ముందు చక్రాలను నడిపే యాక్సిల్ బయటి జాయింటు అరిగింది. మన నగరంలో కూడళ్ళు మూసి యూటర్న్‌లు పెట్టిన తరువాత కుడివైపు పూర్తి తిప్పుడు ఎక్కువైంది, ఆ తిప్పుడులో సాధారణంగా బయటి వైపున ఉండే ఎడమ చక్రం జాయింటు ఎక్కువగా అరుస్తుంది. ఖాళీ మైదానంలో రెండు వైపులా పూర్తిగా తిప్పి నిదానంగా చుట్లు వేస్తే ఏ వైపుదో నిర్ధారణ అవుతుంది. చక్రం వెనుక వంగి చూడండి. జాయింటును కప్పే నల్లని బూట్ రబ్బరు చిరిగి, గ్రీజు చక్రం లోపలి అంచుకు చిమ్మి ఉంటుంది. చప్పుడు మొదలు కాకముందే చిరుగు కనిపిస్తే బూటూ గ్రీజూ మారిస్తే సరిపోయేది. చప్పుడు వచ్చిన తరువాత కొత్త గ్రీజు పెట్టించడం నాలుగు రోజుల ముచ్చటే.

ప్రశ్న: మా నాన్నగారు 1994 అంబాసిడర్ పెట్రోలు బండిని ఇప్పటికీ వదలరు. బంజారాహిల్స్ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనులో గులకరాళ్ళు ఆడించినట్టు గలగలమంటుంది. ఇంజను బేరింగులు పోయాయని, దింపవలసిందేనని ఒకరు భయపెట్టారు. (ఒక పాఠకుడు, మాసబ్‌ట్యాంక్)

జవాబు: ఇంజను దింపే మాటకు ఇంకా చాలా దూరం ఉంది. బేరింగు దెబ్బ గలగలమనదు. అది లోపల ఎవరో చెక్క సుత్తితో కొడుతున్నట్టు బరువుగా, 'దడ్ దడ్' మని ఉంటుంది. యాక్సిలరేటర్ నుంచి కాలు కొద్దిగా తీసినప్పుడు మరీ స్పష్టంగా వినిపిస్తుంది, దాని వెంటే ఆయిల్ లైటు కూడా ఐడ్లింగులో మినుకుమినుకుమనవచ్చు. బరువు మీద ఎక్కుడులో మాత్రమే వచ్చి, కాలు తీయగానే మాయమయ్యే గలగల వేరే సంగతి. అది పెట్రోలు మిశ్రమం తన వేళ కాకముందే మండిపోతున్న చప్పుడు.

కారణాలు వరుసగా వెతకాలి, అదీ ఖర్చు లేనివాటి నుంచి. నాన్నగారు మూడో గేరులోనో, నాలుగో గేరులోనో లాగి ఎక్కిస్తున్నారేమో చూడండి. ఒక గేరు దించితే సగం బండ్లలో ఇది పోతుంది. రెండవది ఇగ్నిషన్ టైమింగు, అంటే ప్లగ్గులో మెరుపు వచ్చే వేళ. డిస్ట్రిబ్యూటర్ ఒంటిని లోపలి రోటర్ తిరిగే దిశలోనే వెంట్రుకవాసి తిప్పితే మెరుపు కాస్త ఆలస్యమవుతుంది, గలగల తగ్గుతుంది. మరీ ఎక్కువ తిప్పితే పికప్ చచ్చిపోయి, ఇంజను అనవసరంగా వేడెక్కుతుంది. తరువాత రేడియేటర్‌లో చిలుమూ, థర్మోస్టాటూ చూడాలి. ఇవన్నీ సరిగా ఉన్నా చప్పుడు పోకపోతే ఏళ్ళ తరబడి ఊళ్ళో మెల్లగా తిరిగిన ఇంజనులో పేరుకున్న మసిని అనుమానించి, ఇంజను పైభాగమైన హెడ్ తీయించడం గురించి ఆలోచించవచ్చు.

ఇలాంటి భయపెట్టే మాటల విషయంలో నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. నా అంబాసిడర్ వెనుక భాగంలో స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ 'ఠంగ్' మని వినిపించేది. ఒక గ్యారేజీవారి మాట విని కమాన్ పట్టీల బుష్షులూ, వెనుక షాకప్‌లూ మార్పించాను. చప్పుడు మారలేదు. నెల తరువాత పంక్చరు పడి డిక్కీ తెరిస్తే స్టెప్నీ బిగించే నట్టు వదులుగా ఉంది. బిగించాను, చప్పుడు పోయింది. అప్పటినుంచి కింద పడుకొని చూసేముందు డిక్కీ ఖాళీ చేసి, జాకీ, పానాలు దించి ఒకసారి తిప్పి వస్తాను.

ప్రశ్న: క్వాలిస్ డీజిల్ బండి. చలికాలం ఉదయం చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి. హీటర్ ప్లగ్గులు మార్పించినా గుణం లేదు. (ఒక పాఠకుడు, షాద్‌నగర్ రోడ్డు)

జవాబు: సెల్ఫ్ కొడుతుండగా వెనుక మరొకరిని నిలబెట్టి సైలెన్సర్‌ను చూడమనండి. తెల్లని పొగ వస్తూ ఉంటే డీజిల్ లోపలికి చేరుతోంది గానీ మండడం లేదు. అప్పుడు హీటర్ ప్లగ్గులకు కరెంటు అందుతోందా, ఆ కరెంటును కలిపే రిలే పనిచేస్తోందా, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే బలం) ఎలా ఉంది అన్నవి చూడాలి. ప్లగ్గులు కొత్తవైనా రిలే పోతే అవి ఇనుప ముక్కలే. పొగే లేకపోతే డీజిలే రావడం లేదు. రాత్రంతా నిలిచిన బండిలో డీజిల్ ట్యాంకులోకి జారిపోయి, దాని స్థానంలో గాలి చేరి ఉంటుంది. పడుకొనేముందు ఫిల్టర్ మీది చేతిపంపును గట్టిపడేదాకా నొక్కి, ఉదయం మళ్ళీ నొక్కి చూడండి. మెత్తగా తగిలితే ఫిల్టర్ వాషరూ, పైపుల క్లిప్పులూ, చేతిపంపు లోపలి వాల్వూ ఒక్కొక్కటిగా మార్పించండి. గాలి లోపలికి పీల్చే చోట డీజిల్ బయటికి కారకపోవచ్చు, కాబట్టి తడి కనిపించలేదని పైపును నిర్దోషిగా వదలకూడదు.

ప్రశ్న: పాత ఇనుప ఇంజను బుల్లెట్. ట్యాపెట్ల చప్పుడు ఎక్కువగా ఉందని ప్రతి సర్వీసులోనూ బిగించమంటాను. ఇప్పుడు చప్పుడు లేదు గానీ, కాగిన తరువాత పికప్ తగ్గి, ఐడ్లింగులో ఆగిపోతోంది. (ఒక పాఠకుడు, బోయిన్‌పల్లి)

జవాబు: చప్పుడు లేకపోవడమే మీ బండికి వచ్చిన జబ్బు. వాల్వులను తెరవడానికి పుష్ రాడ్లనే కడ్డీలు ఉన్న ఈ ఇంజనులో కొద్దిపాటి టికటిక ఆరోగ్యానికే సంకేతం. ట్యాపెట్లు అతిగా బిగిస్తే ఇంజను కాగి సాగినప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు; కంప్రెషన్ సందులోంచి జారిపోతుంది, వేడి వాయువులు ఆ సందునే పట్టి వాల్వు అంచును కాల్చేస్తాయి. ఇంజను రాత్రంతా చల్లారిన తరువాత, పిస్టన్‌ను కంప్రెషన్ పైమొనకు తెచ్చి, పుష్ రాడ్ వేళ్ళ మధ్య తేలికగా తిరగాలి గానీ పైకీ కిందికీ ఆడకూడదన్న లెక్కన సరిచేయించండి. కాగి ఉన్న ఇంజనుపై ఈ పని చేస్తానన్న మిస్త్రీకి ఛాయ్ తాగించి, మర్నాడు పొద్దున రమ్మనండి. సరిచేసిన తరువాత కూడా పికప్ రాకపోతే వాల్వు అప్పటికే కాలి ఉంటుంది.

ప్రశ్న: క్లచ్ తొక్కితే 'గర్ర్' మంటుంది, వదిలితే పోతుంది. మా తమ్ముడి బండిలో వదిలితే వస్తుంది, తొక్కితే పోతుంది. రెండూ ఒకే జబ్బా? (ఒక పాఠకుడు, చింతల్)

జవాబు: కాదు. మీది తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు, తమ్ముడిది గేర్ బాక్సు ముందు షాఫ్టు బేరింగు. మీ బేరింగుతోపాటు క్లచ్ ప్లేటునూ చూపించండి, గేర్ బాక్సు ఎలాగూ దింపాలి. తమ్ముడు ముందు గేర్ ఆయిల్ మట్టం చూపించాలి. ఆయిల్ తక్కువై అరిచే బేరింగు తొలి దశలో ఆయిల్ నింపితే నిమ్మళించే అవకాశం ఉంది.

ప్రశ్న: 1998 జెన్. వాన పడిన మరుసటి ఉదయం మిస్సింగు కొడుతూ కదులుతుంది, ఎండ వచ్చాక బాగుంటుంది. పోయిన వారం మలక్‌పేట రైల్వే వంతెన కింద నీళ్ళలో ఆగిపోయింది, తోయించి బయటికి తెచ్చి ఇంట్లో నిలిపాను. ఇంకా స్టార్ట్ చేయలేదు. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, సైదాబాద్)

జవాబు: స్టార్ట్ చేయకపోవడం మీరు చేసిన మంచి పని. గాలి పీల్చే గొట్టం నుంచి నీళ్ళు సిలిండర్‌లోకి చేరి ఉంటే, నీరు గాలిలా నొక్కుకుపోదు కాబట్టి సెల్ఫ్ కొట్టగానే పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. వంగిన రాడ్‌తో బండి నడవవచ్చు కూడా. కొన్నాళ్ళకు దడదడ మొదలై, ఎప్పటి నీళ్ళో గుర్తుకురాక యజమాని ఆశ్చర్యపోతాడు. ముందుగా ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. పొడిగా ఉంటే గండం గడిచినట్టే. తడిగా ఉంటే నాలుగు ప్లగ్గులూ విప్పించి, ఆ రంధ్రాలకు ఎదురుగా ఎవరూ నిలబడకుండా చూసి, సెల్ఫ్‌తో కొద్దిసేపు తిప్పిస్తే నీళ్ళు చిమ్ముకొని బయటికి పోతాయి. ఆయిల్ కడ్డీ తీసి చూసినప్పుడు పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తే ఆయిలూ ఫిల్టరూ మార్చకుండా ఇంజను నడపరాదు.

వాన మర్నాటి మిస్సింగు దీనికంటే పాతది, చిన్నది. డిస్ట్రిబ్యూటర్ మూతలో సన్నని పగులూ, ప్లగ్గు తీగల ఒరలో పెళుసూ ఉంటే తేమ పట్టినప్పుడు మెరుపు ప్లగ్గుదాకా పోకుండా దగ్గరి ఇనుములోకి దూకుతుంది. ఇంజను బాగై నడిచిన తరువాత, తేమగా ఉన్న ఒక రాత్రి లైట్లన్నీ ఆపి, బానెట్ ఎత్తి, ఇంజను నడుస్తుండగా దేనినీ తాకకుండా చూడండి. తీగల వెంట నీలిరంగు మినుకులు ఎక్కడెక్కడ పాకుతున్నాయో చీకట్లో మీకే కనిపిస్తుంది. ఆ తీగలనూ, మూతనూ, రోటర్‌నూ కలిపి ఒకేసారి మార్పించండి.